‘చిన్న ఆపరేషన్’ తరువాత ఇంట్లో గడిచే రోజుల గురించి

సంపాదకుల వారికి నమస్కారం.

తిరుపతిలో ఏ కూడలిలో నిలబడి చూసినా కోత లేదు, కుట్లు లేవు, నేడు ఆపరేషన్, రేపు ఇంటికి అన్న అర్థం వచ్చే ఫ్లెక్సీ ఒకటైనా కంటపడుతుంది. ఆ మాటల్లో పెద్ద అబద్ధం లేదు. అయితే ఇంటికి వెళ్లిన తరువాత ఏమవుతుందో, ఏ నొప్పి ఎందుకు వస్తుందో, ఏది ఓర్చుకోవాలో, దేనికి పరుగెత్తాలో రోగికి తెలుగులో చెప్పి పంపే ఏర్పాటు చాలాచోట్ల లేదు. ఆ లోటు గురించి నా అనుభవం ఆధారంగా రాస్తున్నాను. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిని, వైద్యురాలిని కాను. ఇందులోని వైద్య విషయాలు నాకు చికిత్స చేసిన వారినీ, ఆ తరువాత మరొక శస్త్రవైద్యుడినీ అడిగి, వారు చెప్పినది అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ అడిగి రాసుకున్నవి.

గత జనవరిలో సంక్రాంతి సెలవులు చూసుకుని లాప్రోస్కోపు పద్ధతిలో, అంటే పొట్ట మీది చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపే పద్ధతిలో, పిత్తాశయం తీయించుకున్నాను. గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయని అంతకు ఆరు నెలల ముందే స్కానింగులో తేలింది. రెండుసార్లు అర్ధరాత్రి కుడి డొక్కలో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి వాంతులయ్యాక ఇక వాయిదా వేయకూడదని నిశ్చయించుకున్నాను. ఆపరేషన్ బాగా జరిగింది. ఆ ఆస్పత్రి మీద, అక్కడి సర్జన్ చేతి మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు కాబట్టి పేరు రాయడం లేదు. మర్నాడు సాయంత్రం డిశ్చార్జి చేశారు. చేతిలో ఇంగ్లీషులో అచ్చయిన మూడు పేజీల కాగితం, ఒక మందుల సంచి, వారం తరువాత రమ్మన్న తేదీ పెట్టారు. “చిన్న ఆపరేషనే కదా మేడమ్, ఏం భయం లేదు” అన్నారు. పండుగ సెలవులు అయ్యేలోగా బడికి పోవచ్చునని నేనూ అనుకున్నాను.

ఆ రాత్రి రెండు గంటల వేళ కుడి భుజం పైభాగంలో, మెడకు దగ్గరగా, మేకు దిగేసినట్టు నొప్పి మొదలైంది. గట్టిగా ఊపిరి పీలిస్తే పెరుగుతున్నది, లేచి కూర్చుంటే ఇంకా పెరుగుతున్నది. పొట్ట మీద కోసినవారు భుజం జోలికి పోలేదు కదా, మరి అక్కడ నొప్పి ఏమిటి? మా ఇంట్లో అందరికీ ఒక్కటే తోచింది, గుండె. మా వారు, మా అబ్బాయి కలిసి నన్ను ఆటోలో ఎక్కించారు. ఆపరేషన్ జరిగి రెండు రోజులైనా నిండని పొట్టతో, మా వీధిలోని ప్రతి స్పీడు బ్రేకరునూ లెక్కపెట్టుకుంటూ అత్యవసర విభాగానికి చేరాను. ఈ.సీ.జీ. తీశారు, రక్తపరీక్ష చేశారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. డ్యూటీలో ఉన్న డాక్టరు, మా పెద్దమ్మాయి ఈడు పిల్ల, మంచం పక్కన నిలబడి రెండే వాక్యాలు చెప్పింది. “ఇది గుండె కాదమ్మా, ఆపరేషన్‌కు పొట్టలోకి నింపిన గ్యాసు ఇంకా కొంచెం లోపల మిగిలి ఉంది. అది భుజంలో నొప్పిగా తెలుస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది.”

ఆ రెండు వాక్యాలూ డిశ్చార్జి వేళ చెప్పి ఉంటే ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ ఏడ్చేవారు కాదు. ఈ ఉత్తరం రాయడానికి మూలం అదే.

ఇంటికి వచ్చాక జరిగిన మరొక సంగతి తెలుగు ఉపాధ్యాయినిగా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. డాక్టరు చెప్పిన “గ్యాసు” అన్న మాట మా ఇంట్లో అందరూ విన్నారు. విని ఏం చేశారంటే, మా వదిన వాము నీళ్లు కాచి ఇచ్చింది, మా అబ్బాయి పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర తెచ్చాడు, పక్కింటావిడ సోడా తాగితే తేన్పు వచ్చి తగ్గుతుందని నిమ్మకాయ సోడా పంపింది. వారి ప్రేమకు వంక పెట్టలేను. కానీ మన వాడుకలో గ్యాస్ అంటే పుల్లతేన్పులు, కడుపుబ్బరం, గుండెలో మంట. ఆపరేషన్ గ్యాసు పేగుల్లో ఉండదు, పేగుల బయట పొట్ట కుహరంలో ఉంటుంది. అది తేన్పుగా రాదు, కిందికి పోదు. ఒకే మాటకు రెండు అర్థాలు ఉన్నచోట వివరించకుండా మాట మాత్రం చెప్తే, చెప్పినవారికి చెప్పిన తృప్తి, విన్నవారికి విన్న తృప్తి, రోగికి సోడా మిగులుతాయి. చిత్రమేమిటంటే ఆ సోడాలో ఉండేదీ, నా పొట్టలో నింపినదీ ఒకే వాయువు, కార్బన్ డయాక్సైడ్.

ఆ వాయువే ఎందుకంటే, విద్యుత్తుతో కణజాలాన్ని మాడ్చి రక్తం ఆపేటప్పుడు అది మండదు, రక్తంలో త్వరగా కరిగి ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. పొట్ట గోడను లోపలి అవయవాల మీద నుంచి పైకి లేపి, కెమెరాకు, పరికరాలకు చోటు చేయడానికి దానిని సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో నింపుతారు. చివర్లో వీలైనంత బయటికి వదిలేస్తారు గానీ కొంత మిగిలిపోతుంది. కూర్చున్నప్పుడు అది పైకి చేరి, ఛాతీకీ పొట్టకూ నడుమ ఉన్న కండర పొర, అంటే విభాజక పటలం కింద నిలుస్తుంది. ఆ పొర గ్యాసు ఒత్తిడికి సాగి ఉంటుంది, పైగా వాయువు తాకి రేగి ఉంటుంది. దానికి వెళ్లే నాడి మెడలోని వెన్నుపూసల దగ్గర బయలుదేరుతుంది, భుజం పైభాగం చర్మానికి స్పర్శ తెచ్చే నాడులూ అక్కడికే చేరతాయి. కింది పొర నుంచి వచ్చిన కబురును మెదడు భుజం నుంచి వచ్చిందని పొరబడుతుంది. చాలామందికి ఇది మూడు రోజుల్లో సర్దుకుంటుంది, కొందరికి వారం పట్టవచ్చు. వెల్లకిలా పడుకుంటే తగ్గడం, కూర్చుంటే పెరగడం దీని గుర్తు. ఇంట్లో మెల్లగా నడవడం, భుజం మీద గోరువెచ్చని కాపడం, వేళకు వేసుకునే నొప్పి మాత్ర, ఇవే దీనికి మందు. అంతకుమించి చేయవలసినది లేదు.

అసలు “చిన్న ఆపరేషన్” అన్న పేరు దగ్గరే చిక్కు మొదలవుతుంది. మా ప్రాంతంలో దీనిని కొందరు లేజర్ ఆపరేషన్ అంటారు, కొందరు కంప్యూటర్ ఆపరేషన్ అంటారు. లేజరు ఏదీ లేదు, కంప్యూటరు కోసేదీ లేదు. టీవీ తెర మీద చూస్తూ సర్జన్ చేతులే చేస్తాయి. బొడ్డు దగ్గర సాధారణంగా పది మిల్లీమీటర్ల రంధ్రం, మిగతా చోట్ల ఐదో పదో మిల్లీమీటర్లవి మరి రెండు మూడు. పైనుంచి కనబడేది అంతే. లోపల మాత్రం పిత్తాశయాన్ని కాలేయం నుంచి విడదీసి, దాని నాళానికీ రక్తనాళానికీ క్లిప్పులు వేసి, కత్తిరించి తీస్తారు. ఆ పచ్చి గాయం పెద్ద కోతతో చేసినా, రంధ్రాలతో చేసినా ఒకటే. మనకు తప్పేది పొట్ట గోడ మీది పెద్ద కోత మాత్రమే.

అది తప్పడం సామాన్యమైన సంగతని నేను అనడం లేదు. మా అమ్మకు 1988లో ఇదే జబ్బుకు ఆపరేషన్ జరిగింది. కుడి పక్కటెముకల కింద జానెడు కోత, పది రోజులు ఆస్పత్రి మంచం, రెండు నెలలు ఇంట్లో మంచం. అప్పటికి ఈ పద్ధతి మన దేశానికి రానే లేదు. జర్మనీలో ఎరిష్ మ్యూహే అనే శస్త్రవైద్యుడు 1985లో తొలిసారి లాప్రోస్కోపుతో పిత్తాశయం తీస్తే, మన దేశంలో ముంబైలో 1990లో డాక్టర్ తెహెమ్టన్ ఉద్వాడియా ఆ శస్త్రచికిత్స చేశారు. ఇప్పుడు తిరుపతి, చిత్తూరు, పక్కనున్న వేలూరు ఆస్పత్రుల్లో అది దినచర్య. అమ్మ పొట్ట మీది మచ్చనూ, నా పొట్ట మీది నాలుగు చుక్కలనూ చూసినవారెవరూ ఈ వైద్యాన్ని తక్కువ చేసి మాట్లాడలేరు. కానీ మా అమ్మ పది రోజుల నొప్పిని నర్సుల కళ్లముందు పడింది. నేను నా నొప్పిని వంటింట్లో పడ్డాను. ఆస్పత్రి రోజులు తగ్గినంత మాత్రాన మానే రోజులు అదే లెక్కన తగ్గవు. వాటిలో ఎక్కువ భాగం ఇంటి మీద పడింది. ఇంటికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మందుల చీటీ సంగతి చెప్పాలి. నా చీటీలో నొప్పి మాత్ర ఎదురుగా ఎస్.ఓ.ఎస్. అని, మిగతా వాటి ఎదురుగా బి.డి., టి.డి.ఎస్., హెచ్.ఎస్. అని ఉంది. బి.డి. అంటే రోజుకు రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, హెచ్.ఎస్. అంటే పడుకునే ముందు. ఎస్.ఓ.ఎస్. అంటే మునిగిపోతున్న ఓడ పంపే సంకేతమనే నాకు తెలుసు. అది లాటిన్ మాటల పొడి అక్షరాలనీ, “అవసరమైతే” అని దాని అర్థమనీ తరువాత తెలిసింది. మునిగిపోయేదాకా వేసుకోకూడదు కాబోలునని పళ్లు బిగబట్టి కూర్చున్నాను. నొప్పి మాత్రలు కిడ్నీలను తినేస్తాయని మా ఇంట్లో ఉన్న భయం దానికి తోడైంది. నొప్పి పూర్తిగా ముదిరాక వేసుకున్న మాత్ర పని చేయడానికి గంట పట్టేది. ఆ గంటలో దగ్గు వస్తే ప్రాణం పోయినంత పనయ్యేది.

నేను అడిగిన సర్జన్ చెప్పినది ఇందుకు భిన్నంగా ఉంది. మొదటి రెండు మూడు రోజులు పారాసిటమాల్‌ను నొప్పి కోసం ఎదురుచూడకుండా డాక్టరు రాసిన వేళలకు వేసుకుంటూ పోవడమే మేలు. నొప్పి తక్కువగా ఉంటేనే మనిషి లేచి నడుస్తాడు, గట్టిగా ఊపిరి పీలుస్తాడు, దగ్గి కఫం బయటికి తెస్తాడు. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసేవారికి ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుని జ్వరం, నిమ్ము వచ్చే ప్రమాదం ఉంది. కదలకుండా పడుకున్నవారికి కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. కాబట్టి నొప్పిని ఓర్చుకోవడం ఇక్కడ గొప్పతనం కాదు. కిడ్నీ భయంలో కొంత నిజం లేకపోలేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రకం మాత్రలు కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవారికి చెరుపు చేయగలవు. అలాంటివారు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. పారాసిటమాల్ ఆ జాతిది కాదు, అయితే దానికీ హద్దు ఉంది. పెద్దవారికి రోజు మొత్తానికి 4 గ్రాములు మించకూడదు, కాలేయ జబ్బు ఉన్నవారికి, బాగా బక్కపలచగా ఉన్నవారికి, మద్యం అలవాటున్నవారికి అంతకంటే తక్కువే. మన మందుల షాపుల్లో దొరికే చాలా నొప్పి మాత్రల్లో ఎసిక్లోఫెనాక్‌తో పాటు పారాసిటమాల్ కలిసే ఉంటుంది. అది తెలియక విడిగా జ్వరం మాత్ర కూడా వేసుకుంటే లెక్క రెట్టింపవుతుంది. ట్రమడాల్ వంటి గట్టి నొప్పి మాత్రలు రాసిస్తే తలతిప్పుడు, మత్తు, మలబద్ధకం వస్తాయని ముందే తెలుసుకోవడం మంచిది. ఆపరేషన్ తరువాత నాలుగో రోజున గాయం కంటే మలబద్ధకమే నన్ను ఎక్కువ ఏడిపించిందని సిగ్గుపడకుండా రాస్తున్నాను. ముక్కితే బొడ్డు దగ్గర చీలిపోతుందేమోనన్న భయం ఒకటి. నీళ్లు, నడక, రాత్రి ఇసబ్‌గోల్, అరటిపండు, దాంతో సరిపోయింది. అప్పటికీ కాకపోతే డాక్టరును అడిగి మందు తీసుకోవాలి.

మంచం మీద నుంచి లేవడం అనే విద్యను నాకు ఫిజియోథెరపిస్టు కాదు, ఆస్పత్రి వార్డులో నేల తుడిచే ఆమె నేర్పింది. పొట్ట కండరాలు బిగించి నిటారుగా లేవబోతుంటే చూసి, “అట్ల లేయొద్దు మేడమ్, పక్కకు పొర్లి, కాళ్లు కిందికి వదిలి, చేత్తో మంచాన్ని తోసి లేయండి” అంది. అప్పటి నుంచి సగం నొప్పి తగ్గింది. దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చినప్పుడు ఒక దిండును పొట్టకు గట్టిగా అదుముకుంటే లోపల లాగినట్టు ఉండదు. మొదటి నాలుగు రాత్రులు పడక కుర్చీలో సగం వాలి పడుకున్నాను. భాకరాపేట ఘాట్ మీదుగా పీలేరు వైపు, గతుకుల్లో కాళహస్తి పల్లెల వైపు ఇంటికి పోవలసినవారు కారులో ఆ దిండును పొట్టకూ బెల్టుకూ నడుమ పెట్టుకుంటే చాలా సుఖం. గంటకొకసారి బండి ఆపి నాలుగడుగులు వేయాలి.

తిండి విషయంలో మన ఊళ్ల పథ్యం వేరే శాస్త్రం. “పప్పు తినొద్దు అక్కా, చీము పడతాది” అన్నారు ఒకరు. పెరుగు వద్దు, జలుబు చేసి దగ్గు వస్తుందన్నారు మరొకరు. వంకాయ, గుమ్మడికాయ, గుడ్డు, చేప, ఒక్కొక్కరు ఒక్కొక్కటి కొట్టేసుకుంటూ పోతే చివరికి నాకు మిగిలింది మిరియాల చారు, మెతుకులు. పుండు మానడానికి శరీరానికి కావలసినదే మాంసకృత్తులు. పప్పు, పెరుగు, గుడ్డు మానేసి పుండు మానాలని కోరుకోవడం ఇటుకలు లేకుండా గోడ కట్టమన్నట్టు ఉంటుంది. చీము పట్టేది సూక్ష్మజీవి వల్ల, కందిపప్పు వల్ల కాదు. పిత్తాశయం తీసినవారు మాత్రం కొన్ని వారాలు నూనెలో తేలే వేపుళ్లు, నెయ్యి తగ్గించి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటే మేలు. కాలేయం పైత్యరసాన్ని తయారు చేస్తూనే ఉంటుంది గానీ దానిని నిలవ ఉంచే సంచి ఇక లేదు కాబట్టి, ఒక్కసారిగా కొవ్వు తింటే కొందరికి విరేచనాలవుతాయి. రాగి సంగటి, పప్పు, ఆకుకూర నాకు అయిదో రోజు నుంచే హాయిగా అరిగాయి. ఇక గాయం మీద పసుపు, కొబ్బరినూనె, పౌడరు, పొయ్యి బూడిద ఏదీ వేయకూడదు. డాక్టరు ఒప్పుకున్న రోజు నుంచి, చాలామందికి ఒకటి రెండు రోజుల తరువాతే, నీళ్లు పోసుకోవచ్చు. రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టుకోవాలి.

మా ఊళ్లో ఈ విషయానికి మరొక ముఖం ఉంది. ఇక్కడ ఆపరేషన్‌కు వెళ్లే ప్రతి ఇంటిలోనూ ఒక మొక్కు ఉంటుంది. బాగుపడితే నడిచి కొండెక్కుతామని, తలనీలాలిస్తామని, అంగప్రదక్షిణ చేస్తామని మొక్కుకుంటారు. నాకు మొక్కుల మీద వెటకారం లేదు, నేనూ మొక్కుకున్నదాన్నే. కానీ పన్నెండో రోజున అలిపిరి మెట్లెక్కిన మా బంధువు ఒకామె మోకాలి మెట్టు దగ్గర కూలబడి, బొడ్డు గాయం రక్తం చిమ్మి, అక్కడి నుంచి ఆస్పత్రికి చేరింది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. రోజుకు నాలుగుసార్లు మిద్దె మీద నడిస్తే మంచిదన్న మాటకూ, ఆ మెట్లకూ పోలిక లేదు. అంగప్రదక్షిణలో తడి బట్టలతో పొట్ట నేలకు ఆనించి పొర్లాలి, అంతకు ముందు పుష్కరిణిలో మునగాలి. గాయం పూర్తిగా మూసుకోకముందు చెరువులో గానీ, కోనేటిలో గానీ, ఈత కొలనులో గానీ మునగకూడదని ఏ సర్జనైనా చెప్తాడు. స్వామి మొక్కుకు గడువు పెట్టలేదు, పెట్టుకునేది మనమే. సర్జన్ సరేనన్నాక మూడు నెలలకు ఎక్కినా అది మొక్కే. నేను ఉగాది దాటాక, ఎండలు ముదరకముందు, శ్రీవారి మెట్టు మీదుగా వెళ్లి వచ్చాను. మధ్యలో ఎన్నిసార్లు కూర్చున్నానో స్వామికే తెలుసు.

మూడు నెలలు అన్న మాట నోటికి వచ్చి అన్నది కాదు. చర్మం పైన అతుక్కున్నంత మాత్రాన లోపలి పొర బలపడినట్టు కాదు. మూడు వారాలకు గాయపు పొరకు అసలు బలంలో ఐదో వంతు వస్తుంది. మూడు నెలలకు 80 శాతం దాకా చేరుతుంది. అంతకు మించి పెరగదు. బొడ్డు దగ్గరి రంధ్రం పెద్దది కాబట్టి బరువులెత్తితే అక్కడ లోపలి పొర వదులై పేగు తోసుకువచ్చే హెర్నియా రావచ్చు. బరువు అంటే మగవారికి మూటలు గుర్తుకు వస్తాయి. ఇంట్లో ఆడవారికి బరువు వేరే రూపాల్లో ఉంటుంది. నిండు బిందె పదిహేను కిలోలు, మినరల్ వాటర్ క్యాను ఇరవై కిలోలు, వంటగ్యాసు సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్పై కిలోల దగ్గర. చంకనెక్కే రెండేళ్ల మనవరాలు పన్నెండు కిలోలు. నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దని, ఎన్ని వారాలో ఆపరేషన్‌ను బట్టి చెప్తామని డాక్టర్లు అంటారు. రెండు నుంచి ఆరు వారాలు మామూలుగా వినిపించే లెక్క. ఆ మాట భర్తకు, అత్తకు, పిల్లలకు చెప్పాలి, రోగికి మాత్రమే చెప్తే ఆమె సిలిండరు వైపు చూస్తూ ఎంతసేపని కూర్చుంటుంది? చిన్న ఆపరేషన్ అన్న మాట ఎక్కువగా చెరుపు చేసేది ఇక్కడే. “చిన్నదే కదా” అన్న మాట మూడో రోజుకు “ఇంకా పడుకునే ఉన్నావా?” అన్న మాటగా మారుతుంది. రెండు వారాల పాటు మధ్యాహ్నం అయ్యేసరికి నాకు కాళ్లలో శక్తి పీల్చేసినట్టు ఉండేది. అది సోమరితనం కాదనీ, శరీరం లోపల పని చేసుకుంటున్నదనీ ఎవరైనా మా ఇంట్లో చెప్పి ఉంటే బాగుండేది.

ఇంకా చిన్నవి కొన్ని. బొడ్డు చుట్టూ నల్లగా కమిలి, తరువాత పచ్చగా మారితే కంగారు పడనక్కరలేదు. మచ్చ కింద గట్టిగా గింజలా తగలడం, దురద పుట్టడం, కొంత మేర మొద్దుబారడం కొన్ని వారాలుంటాయి. గొంతులో గొట్టం వేసినందువల్ల రెండు రోజులు మింగితే నొప్పి ఉండవచ్చు.

కంగారు పడవలసినవి వేరు. మామూలుగా ఈ నొప్పి రోజురోజుకూ దిగుతూ పోవాలి. దిగిన నొప్పి మళ్లీ పెరిగినా, పొట్ట బిగుసుకుని ఉబ్బినా, వాంతులు ఆగకపోయినా, 101 డిగ్రీల జ్వరం, చలి వచ్చినా, కళ్లు పచ్చబడి మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా, గాయం ఎర్రగా వేడెక్కి చీము కారినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా, మూత్రం రాకపోయినా వారం తరువాత రమ్మన్న తేదీ కోసం చూడకూడదు. రాత్రయినా సరే 108కి ఫోన్ చేయాలి. 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో లాప్రోస్కోపు ద్వారా 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే, ఇళ్లకు వెళ్లిన తరువాత కొందరు జబ్బు పడి, వారిలో నలుగురు మరణించారు. అది కూడా చిన్న ఆపరేషనే. అలాగే నెల, నెలన్నర గడిచాక, అంతా మానిందనుకున్న రంధ్రం దగ్గర గడ్డ లేచి నీరు కారితే, మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగుతూ కూర్చోకూడదు. పరికరాలను సరిగా శుద్ధి చేయనిచోట, క్షయ జాతిదే అయినా క్షయ కాని ఒక సూక్ష్మజీవి ఇలా వస్తుందని, దానికి నెలల తరబడి వేరే మందులు వాడాలని సర్జన్ చెప్పారు.

ఇక నేను కోరేది ఏమిటంటే, కొత్త భవనమూ కాదు, కొత్త పథకమూ కాదు. లాప్రోస్కోపు ఆపరేషన్ జరిగిన ప్రతి రోగికి, ప్రభుత్వ ఆస్పత్రి అయినా, ప్రైవేటు అయినా, డిశ్చార్జి చేసే రోజున తెలుగులో అచ్చయిన ఒక కాగితం ఇవ్వాలి. చిత్తూరు సరిహద్దు మండలాల నుంచి వచ్చే తమిళులకు తమిళంలో ఇవ్వాలి. చదవలేనివారికి ఇంటివారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక నర్సు గానీ, ఆరోగ్యమిత్ర గానీ పది నిమిషాలు చదివి వినిపించాలి. మందుల చీటీ మీద పొడి అక్షరాలకు బదులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని రాయాలి. రాత్రి రెండు గంటలకు ఫోన్ చేస్తే ఎత్తే నంబరు ఒకటి ఆ కాగితం మీద ఉండాలి. ఇంతమంది రోగులతో డాక్టర్లకు తీరిక ఎక్కడిదని అడిగేవారున్నారు. నిజమే. ఆ రాత్రి నా కోసం ఈ.సీ.జీ. తీసిన సాంకేతికుడికి, రక్తపరీక్ష చేసిన ల్యాబుకు, నిద్రలేచి వచ్చిన ఆ పిల్ల డాక్టరుకు పట్టిన సమయం పది నిమిషాల కంటే ఎక్కువ. దానికి మేము కట్టిన బిల్లు సంగతి వదిలేస్తాను.

ఆ కాగితం ఎలా ఉండాలో నాకు తోచినట్టు, మా ఏడో తరగతి పిల్లలకు అర్థమయ్యే తెలుగులో ఒక పేజీ రాసి జిరాక్సు తీయించాను. మా వీధిలో ఈ మూడు నెలల్లో ఆపరేషన్‌కు వెళ్లిన నలుగురికి ఇచ్చాను. ఇచ్చేముందు ఆ సర్జన్‌కు చూపించాను. ఆయన ఒకచోట నా వాక్యం కొట్టేశారు. “భుజం నొప్పి వస్తే భయపడవద్దు” అని నేను రాస్తే, “ఆయాసం, చెమటలు, ఎడమ చేతికి పాకే నొప్పి, గుండె మీద బరువు పెట్టినట్టు ఉండటం లేకపోతే భయపడవద్దు, వీటిలో ఏది ఉన్నా వెంటనే రండి” అని ఎర్ర సిరాతో దిద్దారు. ముప్పై ఏళ్లుగా పిల్లల నోటుపుస్తకాల్లో ఎర్ర సిరా వాడుతున్నదాన్ని, ఆ దిద్దుబాటు సరైనదని ఒప్పుకుంటున్నాను. దిద్దిన కాగితం నకలు ఈ ఉత్తరానికి జతచేశాను. చోటు చాలకపోతే నా ఉత్తరాన్ని ఎంతైనా తగ్గించండి, ఆ పేజీని మాత్రం ఉన్నదున్నట్టు వేయండి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయిని,
ముత్యాలరెడ్డిపల్లి, తిరుపతి.